ఆరు గడుల్లో ఆకుపచ్చ

"మంజూరైంది!"

మేనేజరు కాగితం ఊపుతూ బ్యాటరీ గదిలోకి వచ్చేసరికి అతను మూడో సెల్ మూత తిప్పుతున్నాడు. ఆ మూత పూర్తిగా ఊడదీసి, తడిగుడ్డ మీద బోర్లించి, అప్పుడు తలెత్తాడు.

"నిన్నే, నీళ్ల బాబాయ్! ఆటోమేటిక్ చార్జర్. బుధవారం వచ్చి బిగిస్తారట. నాలుగేళ్లుగా అర్జీల మీద అర్జీలు పెట్టి నా ప్రాణం తోడేశావు కదా, ఇక హాయిగా ఉండు."

డిపోలోని చిన్న బస్సుల బ్యాటరీలన్నిటికీ చార్జింగ్ చేసి, డిస్టిల్డ్ వాటర్ పోసి పంపేది అతనే. అందుకని అందరికీ నీళ్ల బాబాయే. అతనికంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు.

"మంచిది సార్," అన్నాడు.

"మంచిదా? అంతేనా? ఎగిరి గంతేస్తావనుకుంటే!"

ఎగిరి గంతెయ్యాల్సిన సంగతేనని అతనికీ తెలుసు. ఆ అర్జీలన్నీ తన చేత్తో రాసినవే. పాత చార్జరుకి తనంతట తాను ఆగడం రాదు, గంటగంటకీ మనిషి వచ్చి కరెంటు తగ్గించాలి, ఆదివారం కూడా సెలవు ఉండటం లేదు, గ్యాస్‌కి దగ్గు వస్తోంది, దయచేసి ఆటోమేటిక్ చార్జర్ ఇప్పించగలరు. జేబులో తాళంచెవి కోసం తడుముకున్నట్టు లోపల సంతోషం కోసం తడుముకున్నాడు. తగల్లేదు.

యాసిడ్ బలం కొలిచే హైడ్రోమీటరు రబ్బరు బుడ్డి నొక్కి, కొన మూడో సెల్‌లోకి దించి వదిలాడు. యాసిడ్ గాజుగొట్టంలోకి ఎక్కింది. దాన్లో తేలుతున్న బుల్లి గాజు కడ్డీ ఊగి ఊగి నిలబడింది. కళ్లు దాని ఎత్తుకి తెచ్చి గ్రావిటీ చదివాడు. పన్నెండు నలభై. గోడకి వేలాడుతున్న కార్డు తీసి మూడో గడిలో రాశాడు. బ్యాటరీకి ఆరు సెల్‌లు, కార్డులో ఆరు గడులు. ఆరు గడులూ నిండి కింద సంతకం పడితేగానీ బ్యాటరీ ఆ గదిలోంచి కదలకూడదు.

"ఇంకో మాట," అన్నాడు మేనేజరు, కాగితం మడుస్తూ. "ఆ మెషిన్ వచ్చాక ఇక్కడ మనిషంటూ అక్కర్లేదు. క్లిప్పులు తగిలించడం క్లీనర్లు చూసుకుంటారు. నిన్ను గేటుకి మార్చాను. కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది. బండి వస్తే నంబరు రాయి, పోతే నంబరు రాయి. జీతం అదే."

"ఎప్పట్నుంచి సార్?"

"బుధవారం మధ్యాహ్నం నుంచి."

అతను తల ఊపి, నాలుగో సెల్ మూత మీద చెయ్యి వేశాడు.

*

చార్జరు పెద్ద అట్టపెట్టెలో వచ్చింది. లోపల బుడగల ప్లాస్టిక్ చుట్టి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టించిన కంపెనీ మనిషికి పాతికేళ్లుంటాయేమో, చొక్కా ఇస్త్రీ చెదరలేదు.

"చూడండి పెద్దాయనా. ఎర్ర క్లిప్పు ప్లస్‌కి. నల్ల క్లిప్పు మైనస్‌కి. ఈ బటన్ నొక్కండి. ఎర్ర దీపం వెలిగితే చార్జ్ అవుతోందని. పసుపు వస్తే అయిపోవస్తోందని. ఆకుపచ్చ వస్తే నిండిందని. నిండాక దానంతట అదే ఆగిపోతుంది. మర్చిపోయి ఇంటికెళ్లి పడుకున్నా ఏం కాదు."

"ఒకవేళ ప్లస్సు, మైనస్సు తారుమారైతే?"

"కూత పెడుతుంది. కరెంటు ఇవ్వదు. చిన్నపిల్లలు కూడా వాడొచ్చు."

చుట్టూ చేరిన క్లీనర్లు చప్పట్లు కొట్టారు. "బాబాయ్, నీకంటే ఇదే నయం. నువ్వు తిడతావు, ఇది కూతే పెడుతుంది," అన్నాడొకడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వు మొహం మీద ఎక్కడో ఉన్నట్టు తెలిసింది.

మొదటగా దేనికి తగిలిద్దామని చూస్తే తలుపు పక్కన ఇరవై ఏడో నంబరు బండి బ్యాటరీ ఉంది. పాతది. దాని డబ్బా మీద అతను సుద్దముక్కతో 'మెల్లగా' అని రాసి ఉంచాడు. దానికి తక్కువ కరెంటు పెట్టి పద్నాలుగు గంటలు వదిలేస్తేగానీ గ్రావిటీ లేవదు. తొందరపెడితే వేడెక్కి బుసలు కొట్టడమే. ఫోటో తీస్తున్నాం కదా అని క్లీనరు దాన్ని తడిగుడ్డతో నున్నగా తుడిచేశాడు. 'మెల్లగా' పోయింది.

ఎర్ర దీపం వెలిగింది. కంపెనీ మనిషి టీ తాగి వెళ్లిపోయాడు. మేనేజరు ఫోటో పైకి పంపించాడు. అతను పాత బల్ల మీద కూర్చుని గోడగడియారం చూస్తున్నాడు. పసుపు వచ్చింది. కాసేపటికి ఆకుపచ్చ వచ్చింది.

నలభై నిమిషాలు.

అతను లేచి అరచేతి వెనక భాగాన్ని బ్యాటరీ డబ్బాకి ఆనించాడు. యాసిడ్ పడిపడి వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. వేడి తెలియాలంటే చేతి వెనక భాగమే గతి. డబ్బా చల్లగా ఉంది. పద్నాలుగు గంటలు పట్టేది నలభై నిమిషాల్లో నిండదు. లోపల పలకలకి తెల్లగా పొరకట్టి, కరెంటు తీసుకోవడం మానేసినప్పుడే ఇలా త్వరగా నిండినట్టు కనబడుతుంది. ఆ గదిలో తలుపు ఎటువైపు ఉందో అతనికి ఎంత బాగా తెలుసో ఆ సంగతి కూడా అంతే బాగా తెలుసు.

హైడ్రోమీటరు అందుకున్నాడు. అప్పుడే మేనేజరు తొంగిచూశాడు.

"అయిపోయిందా? అబ్బ, ఏం మెషిన్! ఇంకా ఆ గొట్టమెందుకయ్యా నీకు? దాచుకో, మనవలకి చూపిద్దువుగాని. దీపం చూశావా, రాశావా, పంపావా. అంతే ఇక."

"కార్డులో ఆరు గడులున్నాయి సార్. ఏం రాయమంటారు?"

"ఆకుపచ్చ అని రాయి."

అతను కలం తీశాడు. మొదటి గడిలో ఆకుపచ్చ అని రాశాడు. రెండో గడిలో ఆకుపచ్చ. మూడో గడిలో ఆకుపచ్చ. అక్షరాలు గుండ్రంగా, గడి దాటకుండా పడుతున్నాయి. ఆ చెయ్యి ఎవరిదో అయినట్టు, దాని పక్కన తను నిలబడి చూస్తున్నట్టు ఉంది. ఆరో గడి కూడా నింపి సంతకం పెట్టాడు. క్లీనర్లిద్దరూ బ్యాటరీ మోసుకుపోయారు. మధ్యాహ్నం రెండింటికి అతను గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఫ్యాను తిరుగుతోంది.

*

సాయంత్రం ఇంటికి బుడగల ప్లాస్టిక్ చుట్ట చంకన పెట్టుకు వెళ్లాడు. డిపోలో క్లీనర్లు దాన్ని చెత్తలో పడేస్తుంటే, కోడలికి ఇష్టమని గుర్తొచ్చింది. కొడుకు పెళ్లై రెండు నెలలు కాలేదు. ఆ అమ్మాయికి ఇష్టం లేనివి ఏమున్నాయో ఇంకా ఎవరికీ తెలియదు.

"మావయ్యా! ఇంత పెద్దదే!" అని అక్కడే గడపలో కూర్చుని ఠప్పు ఠప్పుమని బుడగలు చిట్లించడం మొదలుపెట్టింది. "అత్తయ్యా, మీరో వరస తీసుకోండి. ఆయనొచ్చేలోపు అయిపోకూడదు, ఆయనకో వరస ఉంచాలి."

"డిగ్రీ చదివిన పిల్లవి," అంది అతని భార్య, అంటూనే కూర్చుని ఒక బుడగ నొక్కింది. ఇంకోటి నొక్కింది.

ప్లాస్టిక్ మడతల్లోంచి ఒక సన్నటి పుస్తకం జారిపడింది. కోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి, లోపలికి పరుగెత్తి, తామిద్దరూ కొత్తగా కొనుక్కున్న బల్ల పొట్టికాలి కింద మడిచి పెట్టింది. బల్ల ఊపి చూసింది. "ఊగట్లేదు! ఆయన రెండు వారాలుగా చేస్తాను చేస్తాను అంటున్నారు, నేను చేసేశాను."

సంచీలోంచి హైడ్రోమీటరు తీసి అతను అలమారలో పెట్టబోయాడు. గదిలో ఉంచితే ఎవరో ఒకరు పగలగొడతారని ఏడుసార్లు కడిగి, గుడ్డలో చుట్టి తెచ్చాడు.

"అదేంటి మావయ్యా? ఎంత బాగుందో! లోపల రంగులు కూడా ఉన్నాయి."

"గ్రావిటీ చూసేదమ్మా. యాసిడ్ బలం ఎంతుంటే కడ్డీ అంత పైకి తేలుతుంది."

ఆ అమ్మాయి గ్లాసుడు మంచినీళ్లు తెచ్చి, బుడ్డి నొక్కి వదిలింది. కడ్డీ గొట్టం అడుగుకి దిగిపోయింది.

"అయ్యో, మునిగిపోయింది!"

"నీళ్లకి బలం ఉండదు."

"మరి మిమ్మల్ని నీళ్ల బాబాయ్ అంటారేం?" అని పకపకా నవ్వింది. అతని భార్య కూడా నవ్వింది. భోజనం పెట్టారు. తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక ఏం తిన్నాడో గుర్తు తెచ్చుకోబోయి మానేశాడు.

*

గురువారం పదకొండున్నరకి ఇరవై ఏడో నంబరు బండిని ఇంకో బండి తాడు కట్టి లాక్కొచ్చింది. అతను పుస్తకంలో నంబరు రాశాడు. సమయం రాశాడు. 'లాగబడి వచ్చింది' అని రాయడానికి గడి లేదు.

స్టీరింగు వెనక కొత్తమ్మాయి ఉంది. డిపోలో బస్సు నడిపే ఏకైక ఆడమనిషి. ఆరు నెలల ట్రైనింగు ఆదివారంతో అయిపోతే ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ రోజు గేటు దగ్గర అందరికీ టీ పోయిస్తానని వారం నుంచి చెబుతోంది. ఇప్పుడు ఎటూ చూడకుండా బండి దిగి మేనేజరు గదికి నడిచింది.

కాసేపటికి అతనికీ పిలుపొచ్చింది.

"పట్టపగలు లైట్లెందుకు వేస్తాను సార్?" అంటోంది కొత్తమ్మాయి. "చివరి స్టాపులో రూలు ప్రకారం ఇంజను ఆపాను. పది నిమిషాలాగి సెల్ఫ్ కొడితే టిక్కుమంది, అంతే. తిరుగు ట్రిప్పుకి ఎక్కిన నలభై మంది దిగి ఎండలో నడిచారు. ఒకావిడ నన్ను..."

"లైట్లు వేసి మర్చిపోయుంటావు. లేకపోతే పొద్దున్నే ఫుల్‌గా వెళ్లిన బ్యాటరీ పదకొండింటికి ఎలా పడుకుంటుంది?" మేనేజరు బల్ల మీద కార్డు అతని వైపు తిప్పాడు. "నీళ్ల బాబాయ్, ఈ సంతకం నీదేగా?"

"నాదే సార్."

"బ్యాటరీ ఫుల్‌గానే పంపావుగా?"

కార్డు మీద ఆరు గడులు వరసగా, ముచ్చటగా ఉన్నాయి. కిటికీ బయట ఎవరో బండి కడుగుతున్నారు. నీళ్లు చక్రం కింద చేరి, పల్లానికి పోతున్నాయి.

"దీపం ఆకుపచ్చగానే ఉంది సార్," అన్నాడు అతను.

అబద్ధం కాదు. ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, వచ్చాక నాలుక మీద ఏమీ మిగల్లేదు.

"విన్నావుగా. మెషిన్‌కి నీ మీద పగేం లేదమ్మా. శనివారం పన్నెండింటిలోగా 'నా పొరపాటే' అని రాసివ్వు, ఇంకో ఆరు నెలలు ట్రైనింగులో ఉంచుతాను. లేదంటే నా చేతుల్లో ఏం లేదు."

కొత్తమ్మాయి అతని వైపు చూసింది. కోపం లేదు. చీకటి గదిలో స్విచ్ ఎక్కడుందా అని చూసినట్టు చూసింది.

"సరే బాబాయ్," అంది. ఆమె మేనేజరుతో చెప్పాల్సిన మాట అతనితో ఎందుకు చెప్పిందో అతనికి అర్థం కాలేదు. గేటుకి వెళ్లి, వస్తున్న బండి నంబరు రాశాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం ఆమె కాగితం, కలం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. గోడకి ఆనుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుంది.

"బాబాయ్, నీకు అర్జీలు రాసి అలవాటు కదా. 'నా నిర్లక్ష్యం వల్ల' అని రాస్తే సరిపోతుందా, 'పూర్తి నిర్లక్ష్యం' అనాలా?"

అతను ఫ్యాను వైపు చూశాడు.

"పూర్తి అంటే మళ్లీ అసలుకే మోసం వస్తుందేమో," అంది తనే. "కొంచెం నిర్లక్ష్యం అంటే బాగుండదు. ఉప్పు వేసినట్టుంటుంది." నవ్వబోయింది. "మా అమ్మకి ఇంకా చెప్పలేదు. ఆదివారానికి కొత్త చెప్పులు కొనిపెట్టింది, బ్రేకు మీద జారకుండా ఉంటాయట. ఆగిపోయింది బ్యాటరీ అయితే చెప్పులేం చేస్తాయి చెప్పు."

"లైట్లు వేశావా నువ్వు?" అని అడిగాడు అతను.

"నువ్వు కూడా అడుగుతున్నావా?"

ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కాజేబులో పెట్టుకుంది. "రేపు రాస్తాలే. ఇంకా టైముందిగా," అని వెళ్లిపోయింది. ఒక బండి లోపలికొచ్చింది. ఇంకోటి బయటికి పోయింది. రెండూ రాయలేదని డ్యూటీ దిగే నాలుగు గంటలకి చూసుకున్నాడు.

ఇంటికి వెళితే కోడలు కొత్త బల్ల మీదే టీ పెట్టింది. "ఇవాళ నేను పెట్టాను మావయ్యా. పంచదార ఎక్కువైతే చెప్పకండి, ఆయన బాగుందన్నారు, నేను నమ్మేశాను."

గ్లాసు అంచుదాకా నిండుగా ఉంది. చుక్క ఒలకలేదు. బల్ల కదలడం లేదు. అతను వంగి కాలి కింద చూశాడు. మడతపెట్టిన పుస్తకం చివర యంత్రం బొమ్మ కనబడుతోంది.

"అదేంటమ్మా?"

"మీ మెషిన్ పుస్తకమే. ప్లాస్టిక్‌లో వచ్చింది. కావాలా?" అని అడిగి, జవాబు రాకముందే బల్ల ఎత్తి లాగేసింది. గ్లాసు ఒక పక్కకి జారితే ఒడుపుగా పట్టుకుంది. "దీనికి మిగిలిపోయిన శుభలేఖలు పెడతాలెండి. ముప్పై ఉన్నాయి. మా పెళ్లి ఎవరికో ఒకరికి ఉపయోగపడాలిగా."

పుస్తకంలో ఏవేవో భాషలు. చివర తెలుగు, చీమల బారులా. అతను కళ్లజోడు సర్దుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, ఆ అమ్మాయికే ఇచ్చాడు. ఆమె గోడకి ఆనుకుని నిలబడి, వార్తలు చదివే గొంతు పెట్టి చదివింది. క్లిప్పుల సంగతి చదివింది. నీళ్లు చార్జింగుకి ముందు కాదు, తరవాతే పోయాలన్నది చదివింది. "ఇది మీరు ఇంట్లో కూడా చెబుతుంటారట మావయ్యా, ఆయన చెప్పారు." పేజీ తిప్పింది.

"'దీపము ఆకుపచ్చగా మారిన తరువాత, మూతలు గల బ్యాటరీలలో ప్రతి సెల్ గ్రావిటీని హైడ్రోమీటరుతో విడివిడిగా పరీక్షించవలెను. ఈ యంత్రము బ్యాటరీ రెండు కొనల మధ్య వోల్టేజిని మాత్రమే కొలుచును. లోపలి సెల్‌ల పరిస్థితి దీనికి తెలియదు. పాత బ్యాటరీ మిక్కిలి త్వరగా నిండినట్లు చూపినచో అనుమానించవలెను.'"

"ఇంకోసారి చదువమ్మా."

ఆమె ఈసారి మామూలు గొంతుతో చదివింది. చదివి, పుస్తకం పక్కకి తీసి అతని మొహం చూసింది.

"దీనికి తెలియదట," అన్నాడు అతను. "తెలియదని అదే చెప్పింది."

ఈ మూడు రోజులూ మెషిన్ తన పని లాక్కుందనుకున్నాడు. అది ఎవరి పనీ లాక్కోలేదు. దీపం వెలిగించి, ఇక మీరు చూసుకోండి అని మనిషి కోసం ఆగింది. అక్కడున్న మనిషికి తెలుసు. తెలిసి, ఆరు గడుల్లో గుండ్రటి అక్షరాలు రాశాడు.

గ్లాసు ఎత్తబోయాడు. టీ ఒలికి వేళ్ల మీద పడింది. మొద్దువేళ్లు, ఏమీ తెలియలేదు. అది కారి మణికట్టు దాకా వచ్చాక చుర్రుమంది.

"కాలిందా మావయ్యా?"

"కాలింది," అన్నాడు. లేచి అలమారలోంచి గుడ్డచుట్ట తీసుకున్నాడు.

"ఇప్పుడొచ్చి మళ్లీ ఎక్కడికి?" అంది అతని భార్య వంటింట్లోంచి.

"డిపోకి. చీకటి పడకముందే వచ్చేస్తాను."

*

మేనేజరు బల్ల సర్దుకుంటున్నాడు. కొత్తమ్మాయి బయట బెంచీ మీద ఉంది. ఆఖరి ట్రిప్పు దిగి వచ్చినట్టుంది, టోపీ ఒళ్లో ఉంది. అతను ఆమెని రమ్మని సైగ చేశాడు. ఇద్దరూ కలిసే లోపలికి వెళ్లారు.

పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాడు. మేనేజరు చదివాడు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని చదివాడు.

"ఇప్పుడిదంతా దేనికయ్యా? గేటు బాగోలేదా? మళ్లీ ఆ గదిలోకి రావాలనుందా? ఉంటే నోరు తెరిచి అడుగు, చూద్దాం."

"గేటు బాగానే ఉంది సార్. ఉండమంటే అక్కడే ఉంటాను." పుస్తకంలో ఆ పేరా మీద వేలు పెట్టాడు. "ఇరవై ఏడుకి నలభై నిమిషాల్లో ఆకుపచ్చ వచ్చింది. అది నిండలేదని నాకప్పుడే తెలుసు. గ్రావిటీ చూడకుండా సంతకం పెట్టాను. నిన్న మీరు అడిగితే దీపం సంగతి చెప్పాను, బ్యాటరీ సంగతి చెప్పలేదు. ఈ అమ్మాయి లైట్లు వెయ్యలేదు."

మేనేజరు కార్డు వెతికి తీశాడు. ఆరు గడులూ ఒక్కోటీ చూశాడు, అక్కడ ఏదైనా వేరేగా రాసి ఉంటుందేమోనన్నట్టు.

"నేనే రాయమన్నానుగా," అన్నాడు చివరికి, నెమ్మదిగా.

"మీరన్నారు. రాసింది నేను."

"నీకు మెమో వస్తుంది, తెలుసా? ఇంకా రెండేళ్ల సర్వీసుంది."

"రానివ్వండి సార్."

బయట ఒక బండి సెల్ఫ్ కొట్టారు, ఒక్క దెబ్బకి అందుకుంది.

"నీ మాట ఒక్కటీ పట్టుకుని పైకి రాయలేను," అన్నాడు మేనేజరు.

"నా మాట వద్దు. ఆ బ్యాటరీ ఊడదీసి గదిలోనే పెట్టారుగా. రేపు ఏడున్నరకి వస్తాను. మీరూ రండి. మెషిన్‌కి మీరే తగిలించండి, ఆకుపచ్చ ఎన్నింటికొచ్చిందో మీరే రాయండి. తరవాత ఆరు మూతలూ ఊడదీద్దాం. కడ్డీ ఎక్కడ నిలబడితే అక్కడ మీ కళ్లతో మీరే చదవండి. ఆ కార్డులో నేను రాసింది కొట్టేసి కింద సంతకం పెడతాను. పన్నెండింటికి ముందే అయిపోతుంది."

మేనేజరు తాళాలగుత్తి అటూ ఇటూ తిప్పాడు. గుత్తిలోంచి బ్యాటరీ గది తాళంచెవి విడదీసి బల్ల మీద పెట్టాడు.

బయటికి వచ్చాక కొత్తమ్మాయి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. చింపలేదు. దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు పట్టుకుని నిలబడింది.

"నిన్ననే చెప్పొచ్చుగా బాబాయ్," అంది.

"చెప్పొచ్చు," అన్నాడు అతను.

చేతిలోని గుడ్డచుట్ట విప్పి హైడ్రోమీటరు ఆమెకి ఇచ్చాడు. ఆమె దాన్ని పక్షిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. కడ్డీ లోపల చిన్నగా చప్పుడు చేసింది.

"మూతలు నేను తీస్తాను, గ్రావిటీ నువ్వు తియ్యి. బుడ్డి నొక్కాక కొన సెల్‌లోకి దించాలి, దించాక నొక్కకూడదు, బుడగలొస్తాయి. రేపు చేసి చూపిస్తాను." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఏడున్నరకి రా. పాత చొక్కా వేసుకో. యాసిడ్ పడితే ఉతికేదాకా తెలియదు, ఉతికాక చిల్లులే."